గబ్బిలాలకు కాస్త చోటు

(స్వర్ణోత్సవ సభల రెండో రోజు ఉదయం జరిగిన గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠం)

  

మీ ప్రసంగానికి ఏం పేరు వెయ్యమంటారని కార్యదర్శి గారు ఫోన్ చేశారు. గబ్బిలాల గురించి మాట్లాడతానన్నాను. అవతల కాసేపు మాట లేదు. "శుభమా అని యాభై ఏళ్ల పండగ చేసుకుంటుంటే గబ్బిలాలేమిటండీ?" అన్నారు. ఆయన అనడంలో తప్పేమీ లేదు. గబ్బిలం ఇంట్లోకొస్తే అరిష్టమని, గబ్బిలాలు చేరిన కొంప పాడుపడిన కొంప అని వింటూ పెరిగినవాళ్లమే మనమంతా. నేను ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పాను. పులి గురించి చెబితే పిల్లలు కళ్లప్పగించి వినేవారు. గబ్బిలం దగ్గరికొచ్చేసరికి ముఖాలు చిట్లించేవారు.

అయినా ఈ విషయమే ఎంచుకోవడానికి కారణం ఉంది. మన బడి వెనక, నీళ్ల ట్యాంకు పక్కన ఉన్న మూడు చింతచెట్లు మీకందరికీ తెలుసు. పగలంతా నల్లటి గుడ్డసంచుల్లాగా ఆ కొమ్మలకు వేలాడే గబ్బిలాలను చూడకుండా ఈ బడి దాటినవాళ్లెవరూ ఉండరు. స్వర్ణోత్సవ సభాభవనాన్ని సరిగ్గా ఆ చోటే కట్టాలని మన బిల్డింగ్ కమిటీ ఆలోచిస్తోంది. ప్లాను ఇంకా ఖాయం కాలేదు. ఖాయమయ్యాక మాట్లాడితే తగాదా, కాకముందు మాట్లాడితే సలహా. సలహాగానే నాలుగు మాటలు చెబుతాను.

జాషువా గారు ఎన్నుకున్న దూత

పల్నాటి గడ్డ మీద గబ్బిలం మాటెత్తితే ముందు గుర్తొచ్చేది జాషువా గారే కదా. వినుకొండలో పుట్టిన ఆ మహాకవి 1941లో 'గబ్బిలం' కావ్యం వెలువరించారు. కాళిదాసు మేఘాన్ని పంపాడు. హంసను పంపినవాళ్లున్నారు, చిలుకను పంపినవాళ్లున్నారు. జాషువా గారు గబ్బిలాన్ని ఎన్నుకున్నారు. గుడి గడప తొక్కనివ్వని మనిషి తన గోడు శివుడికి చెప్పుకోవాలంటే, గుడిలో ఎవరి అడ్డూ లేకుండా తిరిగే ప్రాణి కావాలి. పైగా లోకం చీదరించుకునే మనిషికి, లోకం చీదరించుకునే ప్రాణే చుట్టం. కవిగా ఆయన అలా చూశారు. జంతుశాస్త్రం చదివినవాణ్ణిగా నాకు అందులో ఇంకొకటి కూడా కనిపిస్తుంది. గబ్బిలం మనిషి కట్టిన చోట్లలో, మనిషి పక్కనే బతుకుతుంది. గుడి, కోట, దిగుడుబావి, పాత బడి, ఊరి చెట్టు అన్నీ దానికి ఇళ్లే. కాబట్టి దాని బతుకు అడవుల శాఖ చేతిలో కంటే మనలాంటివాళ్ల చేతిలోనే ఎక్కువ ఉంది. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా దీనికి వివరణ.

ఇంతకీ ఇవి ఏమిటి?

గబ్బిలం పక్షి కాదు. గుడ్డు పెట్టదు, పిల్లను కని పాలిస్తుంది. నిజంగా రెక్కలాడించి ఎగరగల క్షీరదం ఇదొక్కటే. ఎగిరే ఉడత కూడా చెట్టు మీద నుంచి చెట్టు మీదికి జారుతుందే తప్ప ఎగరదు. గబ్బిలం రెక్క అంటే దాని చెయ్యే. మన చేతికున్నట్టే బొటనవేలు, నాలుగు వేళ్లు ఉంటాయి. ఆ నాలుగు వేళ్లు గొడుగు ఊచల్లాగా సాగి, మధ్యలో పల్చటి చర్మం పరుచుకుంటుంది. ప్రపంచంలో 1,400కు పైగా గబ్బిలం జాతులున్నాయి. అంటే పాలిచ్చే జంతువుల జాతుల్లో సుమారు అయిదో వంతు ఇవే. మన దేశంలో 130 దాకా ఉన్నాయి.

మన చింతచెట్ల మీదున్నది వీటిలో పెద్దది. రెక్కలు చాపితే నాలుగడుగులు పైనే ఉంటుంది. ముఖం నక్క ముఖంలా ఉంటుంది కనుక ఇంగ్లీషువాళ్లు ఎగిరే నక్క అన్నారు. దీని తిండి ముఖ్యంగా పండ్లు, పూల తేనె. దీనికంటే బాగా చిన్నది, మనం బాదం చెట్ల దగ్గర చూసే పొట్టిముక్కు గబ్బిలం. మీ డాబా మీద తెల్లారేసరికి బాదంకాయలు పడి ఉన్నాయంటే తెచ్చింది ఇదే. అశోక చెట్టు కొమ్మల్లో ఆకులు, రెమ్మలు కొరికి గుడారంలాగా చేసుకుంటుంది. ఇక పురుగులు తినేవి. పాత కోటల్లో ఎలుకతోక గబ్బిలాలుంటాయి. పెంకుల సందుల్లో, తలుపు చట్రాల వెనక బొటనవేలంత గబ్బిలాలుంటాయి, నాలుగైదు గ్రాముల బరువు కూడా ఉండవు. బావుల్లో, పాడుబడిన ఇళ్లలో పెద్ద చెవుల గబ్బిలం ఒకటుంది. అది పురుగులతో సరిపెట్టుకోదు, కప్పల్ని, చిట్టెలుకల్ని కూడా పట్టి తింటుంది. గోల్కొండ కోట చూడబోయినవాళ్లకు, బొర్రా గుహల్లోకి దిగినవాళ్లకు గబ్బిలాల వాసన నేను చెప్పక్కర్లేదు.

గబ్బిలం గుడ్డిది అంటారు. కాదు. పెద్ద గబ్బిలం కళ్లతోనే చూసుకుంటూ వెళ్తుంది, దాని చూపు రాత్రిపూట మన చూపుకంటే ఎన్నో రెట్లు మేలు. పురుగులు తినేవి కళ్లు ఉండి కూడా చెవిని నమ్ముకుంటాయి. 1790లలో ఇటలీలో స్పలాంజానీ అనే శాస్త్రవేత్త, కళ్లు లేని గబ్బిలం దారి తప్పకుండా ఎగరడం గమనించి ఆశ్చర్యపోయాడు. చెవులు మూస్తే మాత్రం గోడలకు కొట్టుకుంటుందని అదే కాలంలో జూరీన్ తేల్చాడు. కారణం తెలియడానికి ఇంకా నూటయాభై ఏళ్లు పట్టింది. మన చెవికి అందని సన్నటి కూతలు వేస్తూ, వాటి ప్రతిధ్వనిని బట్టి గోడేదో దోమేదో తెలుసుకుంటుందని 1938లో మొదలుపెట్టి అమెరికాలో డొనాల్డ్ గ్రిఫిన్ రుజువు చేశాడు.

ఇంకో మాట మా అమ్మమ్మ దగ్గర నుంచి వింటున్నాను. గబ్బిలం నోటితోనే తిని నోటితోనే విసర్జిస్తుందట. ఈ మాట ఊరికే పుట్టలేదు. పండ్ల గబ్బిలం కాయను నమిలి రసం మింగి పిప్పి ఉమ్మేస్తుంది. చెరుకు నమిలి మనం చేసే పనే. చెట్టు కింద ఆ పిప్పి ముద్దలు చూసినవాళ్లు అలా అనుకున్నారు.

వాటివల్ల మనకేమిటి?

రసం మింగి పిప్పి ఉమ్మేసినా చిన్న చిన్న గింజలు కడుపులోకి పోతాయి. రావి, మర్రి, జువ్వి గింజలు ఎగురుతూ ఎగురుతూ ఎక్కడెక్కడో రాలతాయి. ఒక రాత్రిలో పదుల కిలోమీటర్లు తిరిగే పెద్ద గబ్బిలం విత్తనాలను చాలా దూరం మోస్తుంది. ఇప్పచెట్టు పూత రాత్రిపూట గబ్బిలాలకు విందు. పూవు తింటూ మొహానికి పుప్పొడి పూసుకుని ఇంకో చెట్టుకు పోతాయి. బూరుగు చెట్టుకూ ఇవే ఉపకారులు.

పురుగులు తినే గబ్బిలాల మేలు రైతుకు ఇంకా దగ్గరగా ఉంటుంది. సాగర్ కాలవ కింద వరి పెట్టినవాళ్లకు సుడిదోమ సంగతి చెప్పాలా? ఆ జాతిలోదే తెల్లవీపు దోమ. థాయ్‌లాండ్‌లో గుహల నుంచి వచ్చే ఒక గబ్బిలం జాతి ఈ దోమను తినడం వల్ల ఏటా దాదాపు 2,900 టన్నుల వరి దక్కుతోందని 2014లో ఒక పరిశోధన లెక్కగట్టింది. సుమారు 26,000 మందికి ఏడాది తిండి అది. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో పత్తి కాయ తొలిచే పురుగు ఒకటుంది, మన పత్తిని తినే శనగపచ్చ పురుగుకు దగ్గర చుట్టం. దాని రెక్కల పురుగుల్ని అక్కడి గబ్బిలాలు రాత్రిపూట ఆకాశంలోనే పట్టి తింటాయి. ఎనిమిది కౌంటీల పత్తికి వాటివల్ల కలిసొచ్చేది ఏటా ఏడు లక్షల డాలర్లకు పైనేనని 2006లో లెక్క వేశారు. పత్తి పురుగు మన జిల్లాను ఎట్లా ఏడిపించిందో ఈ సభలో తెలియనివాళ్లు లేరు.

గబ్బిలాలు లేకపోతే ఏమవుతుందో కూడా అమెరికాలోనే తెలిసొచ్చింది. 2006లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక గుహలో గబ్బిలాల ముక్కుల మీద తెల్లటి బూజు కనిపించింది. ఆ శిలీంధ్రం రాష్ట్రాల మీదుగా పాకి లక్షల కొద్దీ గబ్బిలాలను చంపింది. 2024లో ఒక ఆర్థికశాస్త్రవేత్త ఆ ప్రాంతాల లెక్కలు తీశాడు. గబ్బిలాలు చచ్చిపోయిన చోట రైతులు పురుగుమందు వాడకం సగటున 31 శాతం పెంచారు. ఆ చోట్లలోనే, ప్రమాదాల వంటివి మినహాయిస్తే, పసిబిడ్డల మరణాలు దాదాపు 8 శాతం పెరిగాయి. గబ్బిలానికీ ఊయలలో బిడ్డకూ ఏం సంబంధం అని అడిగితే, మధ్యలో ఉన్నది పురుగుమందు డబ్బా.

జబ్బుల మాటేమిటి?

ఇక్కడ పిల్లల తల్లిదండ్రులున్నారు. జబ్బుల సంగతి దాటవేసి పోతే నా మాటను ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా.

నిపా వైరస్‌కు పెద్ద గబ్బిలం ఆశ్రయం అన్నది నిజం. 1998-99లో మలేషియాలో పండ్ల తోటల్లోనే పందుల దొడ్లు పెట్టారు. గబ్బిలాలు కొరికి పడేసిన పండ్లు పందులు తిన్నాయి. పందుల నుంచి మనుషులకు వచ్చింది. బంగ్లాదేశ్‌లో ఈత చెట్ల నుంచి రాత్రిపూట దించే పచ్చిరసాన్ని గబ్బిలాలు నాకడం వల్ల వచ్చింది. 2018లో కేరళలో కోళికోడ్ ప్రాంతంలో 17 మంది చనిపోయారు. ఇది చిన్న విషయం కాదు.

అయితే మూడు సంగతులు గమనించండి. ఆ వైరస్ మన మీదికి ఊరికే ఎగిరి రాదు. గబ్బిలం ఎంగిలి మన నోటిదాకా రావాలి, లేదా జబ్బుపడ్డ జంతువు నుంచో మనిషి నుంచో రావాలి. ఆ దారి మూయడం మన చేతిలో పని. బంగ్లాదేశ్‌లో ఈతరసం కుండ చుట్టూ వెదురు తడక కట్టే పద్ధతి పెట్టారు. తాటికల్లు, ఈతకల్లు అలవాటున్న మన ఊళ్లలోనూ కుండమీద కప్పు ఉండాలి. కొరికిన పండు తినకూడదు. రాలిన పండు కడిగి తినాలి. రెండోది, కిందపడిన గబ్బిలాన్ని ఉత్త చేతులతో ముట్టుకోకూడదు. కరిచినా గీరినా వెంటనే సబ్బుతో బాగా కడిగి, ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి పోయి రేబిస్ టీకా విషయం అడగాలి. కుక్క కరిస్తే ఏం చేస్తామో అదే. మూడోది అన్నిటికంటే ముఖ్యం. చెట్టు నరికినా, టపాసులు కాల్చినా గబ్బిలాలు మాయమైపోవు. బెదిరి నాలుగు చోట్లకు చెదిరిపోతాయి. తిండి లేక, చోటు లేక ఇబ్బందిపడే గబ్బిలాల్లోనే వైరస్ ఎక్కువగా బయటపడుతుందని ఆస్ట్రేలియాలో చేసిన పరిశోధనలు చెబుతున్నాయి. ఒక చోట ఉన్నదాన్ని ఊరంతా చల్లుకోవడం తెలివైన పని కాదు.

కరోనా రోజుల్లో భయంతో గబ్బిలాలున్న చెట్లు కొట్టేసినవాళ్లు, గుహలకు పొగపెట్టినవాళ్లు ఉన్నారు. అప్పుడు, 2020 ఏప్రిల్‌లో, దక్షిణాసియాలో గబ్బిలాల మీద పనిచేసే 64 మంది శాస్త్రవేత్తలు కలిసి ఒక ప్రకటన చేశారు. మన గబ్బిలాల నుంచి మనుషులకు కరోనా వస్తోందనడానికి ఆధారం లేదని, వాటిని చంపవద్దని, తరిమివేయవద్దని కోరారు.

ఏడాదికి ఒక్క పిల్ల

ఎలుకకు ఏడాదిలో ఎన్ని ఈతలు, ఎన్ని పిల్లలు! గబ్బిలం అలా కాదు. పెద్ద గబ్బిలం ఏడాదికి ఒక్క పిల్లనే కంటుంది. మన వైపు ఫిబ్రవరి నుంచి మే దాకా ఈనే కాలం. మొదటి కొన్ని వారాలు పిల్ల తల్లి పొట్టను కరుచుకునే ఉంటుంది, తల్లి దాన్ని మోసుకునే ఎగురుతుంది. నెమ్మదిగా పెరిగి ఎక్కువకాలం బతకడం ఈ జాతి లక్షణం. నాలుగైదు గ్రాములుండే గబ్బిలాల్లో కూడా పదేళ్లు, ఇరవయ్యేళ్లు బతికేవి ఉన్నాయి. రష్యాలో ఏడెనిమిది గ్రాముల గబ్బిలం ఒకటి 41 ఏళ్లు బతికినట్టు రుజువుంది. ఇలాంటి ప్రాణికి ఒక్క రోజులో జరిగిన నష్టం పూడాలంటే ఒక తరం కావాలి.

మారిషస్ దేశం సంగతి చూడండి. మన తెలుగువాళ్లు తరతరాలుగా స్థిరపడి ఉగాది చేసుకుంటున్న దేశం అది. అక్కడ సహజంగా ఉండే పండ్ల గబ్బిలం ఒకటుంది. లిచీ, మామిడి తోటలకు నష్టమని 2015, 2016 సంవత్సరాల్లో ప్రభుత్వమే 38,000కు పైగా గబ్బిలాలను చంపించింది. పండ్ల దిగుబడి మాత్రం ఆశించినట్టు పెరగలేదు. 2018లో ఆ గబ్బిలం అంతరించే ప్రమాదమున్న జంతువుల జాబితాకు ఎక్కింది. తోటల రైతు నష్టాన్ని నేను కొట్టిపారెయ్యను. జామ, సపోటా వేసినవాళ్లకు ఆ బాధ తెలుసు. కాయకు సంచి కట్టడం, చెట్టుకు బిగుతుగా సన్నకన్నుల వల వెయ్యడం పనిచేసే ఉపాయాలు. వదులుగా వేలాడే నైలాన్ వలల్లో గబ్బిలాలే కాదు, పాలపిట్టలు, గుడ్లగూబలు కూడా చిక్కుకుని చస్తాయి.

చట్టం కూడా చాలాకాలం వీటి పక్షాన లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పండ్ల గబ్బిలాలను కాకులు, ఎలుకలతో కలిపి హానికర జంతువుల జాబితాలో, అంటే అయిదో షెడ్యూలులో, పెట్టింది. ఎవరైనా చంపవచ్చు, అడిగేవాళ్లు లేరు. ఉబ్బసానికి మాంసమని, కీళ్లనొప్పులకు కొవ్వు అని వేటాడినవాళ్లకు అడ్డు లేకుండా పోయింది. ఆ మందులు పనిచేస్తాయనడానికి ఏ ఆధారమూ లేదు. 2022లో చట్టాన్ని సవరించి ఆ షెడ్యూలునే ఎత్తివేశారు. పెద్ద గబ్బిలం ఇప్పుడు రక్షణ ఉన్న రెండో షెడ్యూలులో ఉంది. యాభై ఏళ్ల తర్వాత వచ్చిన మార్పు ఇది, మన ఊళ్లలో చాలామందికి తెలియదు.

ఒక్క గుహలో మిగిలిన జాతి

చోటు అంటే ఏమిటో తెలియాలంటే కోలారు వెళ్లాలి. చిత్తూరు జిల్లాను ఆనుకుని, తెలుగు బాగా వినిపించే కర్ణాటక జిల్లా. అక్కడ హనుమనహళ్లి అనే ఊరి దగ్గర రాతిగుట్టలో ఒక గుహ ఉంది. కోలారు ఆకుముక్కు గబ్బిలం అనే జాతి ప్రపంచం మొత్తం మీద ఆ ఒక్క గుహలోనే మిగిలింది. రెండు వందలు కూడా లేవని అంచనా. ఒకప్పుడు దగ్గర్లోని ఇంకో గుహలో కూడా ఉండేవి, ఇప్పుడు అక్కడ లేవు.

దీన్ని కొత్త జాతిగా 1994లో శాస్త్రలోకానికి పరిచయం చేసిన ఇద్దరిలో ఒకరు జర్మనీకి చెందిన డీటర్ కోక్, రెండోవారు మన భార్గవి గారు. ఆవిడ, ఆవిడ భర్త చెల్మల శ్రీనివాసులు గారు హైదరాబాద్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉండి దశాబ్దాలుగా దక్షిణాది గబ్బిలాల మీద పనిచేశారు. ఆ గుట్టలన్నీ గ్రానైటు. గ్రానైటుకున్న ధర గబ్బిలానికి ఎక్కడిది? క్వారీ పేలుళ్లు గుహ గుమ్మం దాకా వచ్చాయి. శాస్త్రవేత్తల నివేదికలతో ఈ జాతి తీవ్ర ప్రమాదంలో ఉన్నవాటి అంతర్జాతీయ జాబితాలోకి ఎక్కింది. బెంగళూరులోని గబ్బిలాల సంరక్షణ ట్రస్టు వాళ్లు ఊరివాళ్లతో, అధికారులతో మాట్లాడుతూ వచ్చారు. చివరికి కర్ణాటక ప్రభుత్వం గుహల చుట్టూ ఉన్న 30 ఎకరాలకు రక్షణ కల్పించింది. 30 ఎకరాలంటే మన ఊళ్లో ఒక మోతుబరి రైతు పొలం. ఒక జాతి మొత్తం ఉండడానికి అంత చోటే కావాల్సి వచ్చింది, అంత చోటు ఇవ్వడానికే ఇన్నేళ్లు పట్టింది.

ఇందుకు భిన్నంగా, ఏ జీవో లేకుండా నిలబడ్డ చోట్లు కూడా ఉన్నాయి. మదురై వైపు పులియంగుళం అనే ఊళ్లో ఒక పెద్ద మర్రి మీద వందల గబ్బిలాలున్నాయి. ఆ చెట్టు మునియాండి దేవుడిదని, గబ్బిలాలకు ఆయన కాపలా అని ఊరి నమ్మకం. ఎవరూ రాయి విసరరు. బీహార్‌లో వైశాలి జిల్లా సర్సాయి గ్రామంలో గబ్బిలాలను ఊరికి రక్షగా కొలుస్తారు. కరోనా భయంలో కూడా ఆ ఊరు వాటిని వదులుకోలేదు. దేవుడి పేరు మీద వాళ్లు చేసిన పనిని చదువు పేరు మీద మనం చెయ్యలేమా?

మన చేతిలో ఉన్న పనులు

ఇప్పుడు మన చింతచెట్ల దగ్గరికి వస్తాను. కమిటీ వారికి, సభకు నా విన్నపాలు ఇవి.

మొదటిది, సభాభవనం. పాత సైకిల్ స్టాండు, దాని పక్క ఖాళీ స్థలం కలిపితే భవనానికి సరిపోతుందని మన బ్యాచ్ ఇంజనీర్ మిత్రులు కొలిచి చెప్పారు. పునాది కాస్త ఎత్తు చెయ్యాల్సి వస్తుంది, ఖర్చు కొంత పెరుగుతుంది. ఆ పెరిగే ఖర్చుకు మా బ్యాచ్ మా వంతు ఇస్తుంది. చింతచెట్లను మాత్రం ముట్టుకోవద్దు. కొత్త మొక్కలు నాటుతాం కదా అనవచ్చు. నాటండి, కానీ ఇవాళ నాటిన చింతమొక్క గబ్బిలాలకు నీడ ఇచ్చే చెట్టు కావాలంటే ఇప్పుడు ఆరో తరగతిలో ఉన్న పిల్లలకు మనవలు పుట్టాలి.

రెండోది, రేపు రాత్రి ముగింపు సభ బాణసంచా. ఆడవి ఇప్పుడు కడుపుతో ఉన్న రోజులు. బాణసంచా మానేస్తే సంతోషం. మానలేమనుకుంటే ఊరి బయట సంత మైదానంలో పెట్టుకుందాం. చెట్ల వైపు ఫ్లడ్‌లైట్లు తిప్పవద్దని కూడా మనవి.

మూడోది, పాత పెంకుల బ్లాకు మరమ్మతు. పెంకుల కింద, దూలాల సందుల్లో చిన్న గబ్బిలాలున్నాయి. అవి లోపల ఉండగా సందులు సిమెంటుతో మూస్తే అక్కడే చస్తాయి. తెలిసినవాళ్లచేత ముందు చూపించి, పిల్లలు ఎగరడం నేర్చాక, సాయంత్రం అన్నీ బయటికి పోయిన తర్వాతే మూయాలి. పోయినవాటి కోసం వెనక గోడకు నాలుగు చెక్కపెట్టెలు తగిలించవచ్చు. మన వడ్రంగి పావుపూటలో చేసిస్తాడు.

నాలుగోది, పిల్లల క్షేమం. నీళ్ల ట్యాంకు చెట్ల పక్కనే ఉంది కాబట్టి దానికి గట్టి మూత ఈ వారంలోనే వెయ్యాలి. ఇది గబ్బిలాలు ఉన్నా లేకున్నా చెయ్యాల్సిన పని. చెట్ల కింద నేలకు తక్కువ ఎత్తు కంచె కడితే పిల్లలు అక్కడ కూర్చుని అన్నాలు తినరు. కిందపడిన గబ్బిలాన్ని ముట్టుకోకుండా టీచరుకు చెప్పాలన్న మాట ప్రతి జూన్‌లో అసెంబ్లీలో ఒకసారి చెబితే చాలు.

అయిదోది పిల్లల కోసం. నెలకొకసారి, ఒకే తేదీన, పొద్దుగుంకే వేళ పడమటి ఆకాశం కనబడేలా నిలబడి, చెట్ల మీద నుంచి లేచే గబ్బిలాలను పదేసి చొప్పున లెక్కపెట్టండి. ఒక రిజిస్టరులో తేదీ, లేచిన సమయం, లెక్క, ఆ రోజు ఎండ ఎంతో రాయండి. ఎండ ఎందుకంటే, 2020 మే నెలలో గోరఖ్‌పూర్ జిల్లాలో గబ్బిలాలు ఎండదెబ్బకే రాలిపోయాయి. 42 డిగ్రీలు దాటితే వీటికి ప్రాణం మీదికి వస్తుందని ఆస్ట్రేలియాలో కూడా చూశారు. మన పల్నాటి మే నెల ఎలా ఉంటుందో మీకు తెలుసు. చెరువులో నీళ్లుంటే అవి దిగి, పొట్ట తడుపుకుని, కొమ్మమీద కూర్చుని ఆ తడి నాకుతాయి. ఆ దృశ్యం చూడాలనుకునేవాళ్లు వేసవి సాయంత్రం ఊరచెరువు గట్టు మీదికి రండి, నేను చూపిస్తాను. పదేళ్లు ఆ రిజిస్టరు నిలబెట్టగలిగితే దాని విలువ ఏ విశ్వవిద్యాలయమైనా గుర్తిస్తుంది. మొదటి పుస్తకం, రెండు బైనాక్యులర్లు నేను తెచ్చాను. సైన్సు మాస్టారు గారికి ఇప్పుడే అప్పగిస్తున్నాను.

ఈ సాయంత్రం అయిదింటికి బిల్డింగ్ కమిటీ కూర్చుంటుందని విన్నాను. సైకిల్ స్టాండు స్థలం కొలతల కాగితం అధ్యక్షుల వారికి ఇచ్చాను. ఒప్పుకుంటారో లేదో మీ ఇష్టం. ఆ కాగితం మాత్రం చర్చకు పెట్టమని కోరుతున్నాను.